అమ్మ మంచాన... ఇల్లు బేరాన

కోనసీమలో ఏ ఊరి వీధిలోకి వెళ్లినా రెండు మూడు ఇళ్లకు తాళాలు కనిపిస్తాయి. తాళం లేని ఇంట్లో ఒక ముసలి ప్రాణం ఉంటుంది. కొడుకు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. కూతురు దుబాయ్‌లో ఇంటిపనికి వెళ్లి ఉంటుంది. కాస్త చదువుకున్న ఇళ్లలో పిల్లలు హైదరాబాదు దాటి అమెరికా దాకా వెళ్లారు. ఒంట్లో బాగున్నంతకాలం ఏ చిక్కూ లేదు. ఆ తల్లికి పక్షవాతం వచ్చిందనుకోండి, లేదా తండ్రి కాలుజారి పడి తుంటి ఎముక విరిగిందనుకోండి, ఆ రాత్రే ఫోన్లు మొదలవుతాయి. అమలాపురంలో చేర్పించారు, కాకినాడ తీసుకెళ్లమన్నారు. డబ్బెంత అవుతుంది, ఎవరు పంపుతారు, దగ్గర ఎవరుంటారు? నాలుగో ఫోన్లో ఇంటి మాట వస్తుంది. 'ఇంక అక్కడ ఎవరుంటారే, ఆ ఇల్లూ తోటా అమ్మేద్దాం' అని. వారం తిరక్కుండా బ్రోకరు గుమ్మంలో ఉంటాడు.

ఇది ఒక ఇంటి గొడవ కాదు. రాజోలు, కొత్తపేట, అమలాపురం వైపు చిన్న రైతు కుటుంబాల్లో నేడో రేపో ఎదురయ్యే పని. అమ్మేవాళ్లూ మనవాళ్లే. పక్క గట్టు రైతుగా కొనేవాళ్లూ మనవాళ్లే. ఆ తోట కౌలు చేసుకుంటున్నవాళ్లూ మనవాళ్లే. అందుకని ఈ పేజీలో ఎరువులు, పురుగుమందుల మాట కాసేపు పక్కన పెట్టి ఈ సంగతి మాట్లాడుకోవడం తప్పు కాదు.

ముందు పిల్లల వైపు నుంచి చూద్దాం. ఊళ్లో కూర్చుని 'కన్నతల్లి మంచాన పడితే రాలేదు చూడు' అనడం తేలిక. గల్ఫ్‌లో ఇంటిపని చేసే ఆడపడుచుకు యజమాని సెలవు ఇస్తేనే కదలిక. డ్రైవరు కొడుక్కి ఒప్పందం మధ్యలో వస్తే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. టికెట్టు డబ్బులు ఆసుపత్రికి పంపితే నయం అనుకుంటాడు. అమెరికాలో ఉన్నవాడికి వీసా భయం. వాళ్లు రాలేకపోవడం నేరం కాదు. రాలేనివాడికి దూరం నుంచి చేయగలిగిన పని ఒక్కటే కనిపిస్తుంది. అది అమ్మకం. అందుకే తొందరపడతారు.

ఇక మంచం మీద ఉన్న మనిషి వైపు నుంచి చూడండి. ఆ ఇల్లు ఆమె పేరున ఉన్నంతకాలం ఆమె మాటకు విలువ ఉంది. చూసే కోడలికి ఆశ ఉంది, రాని కొడుక్కి భయం ఉంది. ఇల్లు పోయి, ఆ డబ్బు ముగ్గురు పిల్లల ఖాతాల్లోకి పోయాక ఆమె ఎవరింటికి వెళ్లాలి? మూడు నెలలు పెద్దాడి దగ్గర, మూడు నెలలు చిన్నాడి దగ్గర అని వంతులు వేసుకున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు?

అందుకని నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. జబ్బు పడిన తల్లిదండ్రుల ఇల్లు అమ్మాల్సి వస్తే అమ్మండి. కానీ సంతకం వాళ్లదై ఉండాలి, డబ్బు వాళ్ల ఖాతాలోనే పడాలి. ఈ రెండూ కుదరని అమ్మకం ఆపండి.

అసలు ఇల్లు ఎవరిది?

చాలామందికి ఇక్కడే పొరపాటు. ఇల్లు నాన్న పేరున ఉంటుంది. నాన్న బతికే ఉన్నాడు. కువైట్‌లో ఉన్న కొడుకు అక్కడ ఎంబసీకి వెళ్లి, మేనబావ పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపుతాడు. ఈ పవరు దేనికి పనికొస్తుంది? దేనికీ పనికిరాదు. తనది కాని ఆస్తి మీద ఇంకొకరికి అధికారం ఎలా ఇస్తాడు? నాన్న స్వార్జితమైతే ఆయన బతికి ఉండగా పిల్లలకు అందులో అమ్మే హక్కు లేదు. సంతకం ఆయనే చేయాలి.

నాన్న వీలునామా రాయకుండా పోతే లెక్క మారుతుంది. హిందూ కుటుంబాల్లో 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. ఆయన తల్లి బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా. 2005 సవరణతో పిత్రార్జితంలోనూ కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. క్రైస్తవ కుటుంబాల్లో భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానం. ముస్లింలకు వారి చట్టం వేరే ఉంది. ఎవరి చట్టమైనా సరే, 'ఆడపిల్లకు కట్నం ఇచ్చేశాం కదా' అనే మాట రిజిస్ట్రారు ఆఫీసులో చెల్లదు. ఆడపిల్ల మస్కట్‌లో ఉంటే మస్కట్ నుంచే ఆమె పవరు రావాలి. ఆమె సంతకం లేకుండా అమ్మితే కొన్నవాడు పదేళ్ల తర్వాత కూడా కోర్టు మెట్లెక్కవచ్చు.

పవరు అంటే పూర్తి అధికారం కాదు

విదేశంలో ఉన్న వారసుడు పవరు పంపాలంటే పద్ధతి ఉంది. అక్కడి భారత రాయబార కార్యాలయానికి పాస్‌పోర్టుతో వెళ్లి అధికారి ఎదుట సంతకం చేయాలి. అమెరికా లాంటి చోట్ల నోటరీ ఎదుట చేసి అపోస్టిల్ ముద్ర వేయించి పంపుతారు. ఆ కాగితం మన దేశానికి చేరిన 3 నెలల లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. ఇది 1899 నాటి స్టాంపుల చట్టంలోనే ఉంది. కవరు బీరువాలో పెట్టి ఆరు నెలల తర్వాత తీస్తే చిక్కే.

ఇచ్చే పవరు కూడా ఒక్క పనికే ఇవ్వండి. 'ఫలానా ఊళ్లో, ఫలానా హద్దుల్లో ఉన్న ఇన్ని సెంట్ల ఇంటి స్థలం, ఇంత ధరకు తగ్గకుండా అమ్మడానికి, సొమ్ము ఫలానా బ్యాంకు ఖాతాలో వేయించడానికి' అని రాయించండి. 'నా స్థిరచరాస్తులన్నీ నీ ఇష్టం' అని జనరల్ పవరు రాసిచ్చి నిద్రపోకండి. బావమరిది మంచివాడే కావచ్చు, అతని అప్పులవాళ్లు మంచివాళ్లు కాకపోవచ్చు.

కొనే రైతులూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పవరు పట్టా కాదు. జనరల్ పవరు, అగ్రిమెంటు, వీలునామా ఈ మూడు కాగితాలు చేతిలో పెట్టి 'ఇదే అమ్మకం' అంటే నమ్మకండి. అలాంటి కాగితాలతో ఆస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. రిజిస్టరు అయిన అమ్మకం దస్తావేజు ఉంటేనే ఇల్లు మీది.

మతి తప్పితే పవరు పోతుంది

ఇది చాలామందికి తెలియదు. తల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూతురికి పవరు ఇచ్చింది. తర్వాత ఆమెకు మతిమరుపు జబ్బు ముదిరి మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. అప్పుడే కదా ఆ పవరు పనికిరావాలి అనుకుంటాం. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి స్థిమితం తప్పినా ఆ పవరు అక్కడితో సరి.

ఇంగ్లండులో, మనిషికి తెలివి పోయినా చెల్లుబాటయ్యే పవరు రాసుకునే పద్ధతి ఉంది. అమెరికా రాష్ట్రాల్లోనూ అలాంటిది ఉంది. అక్కడ ఉన్న మన పిల్లలు అది చూసి ఇక్కడా అంతే అనుకుంటారు. ఇక్కడ అలా కాదు. తల్లి కోమాలోకి వెళ్లినా, మతి పూర్తిగా పోయినా ఆమె ఇల్లు అమ్మాలంటే కోర్టుకు వెళ్లి సంరక్షకుణ్ని నియమింపజేసుకోవాలి. కోర్టు అనుమతి ఇచ్చేదాకా ఆగాలి. ఈలోగా ఆసుపత్రి బిల్లు ఆగదు.

ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు అడ్డదారి తొక్కుతారు. స్పృహలో లేని మనిషి బొటనవేలికి సిరా పూసి తెల్లకాగితం మీద అద్దిస్తారు. ఇది పాపమే కాదు, నేరం. రేపు ఏ ఆడపడుచో ఆసుపత్రి కేసు షీటు తెచ్చి కోర్టులో పెడితే అమ్మినవాడూ, కొన్నవాడూ, సాక్షి సంతకం చేసిన పెద్దమనిషీ ముగ్గురూ చిక్కుల్లో పడతారు.

మంచం దగ్గరకే రిజిస్ట్రారు

మనిషి తెలివిలోనే ఉంది, లేవలేదంతే. అలాంటప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు మోసుకుని, ఆటోలో పడేసి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకురానక్కరలేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే దారి ఉంది. డాక్టరు సర్టిఫికెట్టుతో అర్జీ పెట్టి, ఫీజు కడితే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి రిజిస్టరు చేయవచ్చు. 'అమ్మా, ఇది నీ ఇష్టపూర్తిగానే చేస్తున్నావా? డబ్బు ముట్టిందా?' అని ఆవిడనే అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఈ పద్ధతి వాడుకోవాలంటాను. పిల్లలు దూరంగా ఉన్నప్పుడు ఆ తల్లిని నేరుగా అడిగే బయటి మనిషి ఆయనొక్కడే.

ఆ రోజున పిల్లలు ఫోన్లో వీడియో పెట్టుకుని చూడండి. అమ్మ ముఖం చూడండి. ఆమెకు ఇష్టం లేకపోతే ఆ ముఖమే చెబుతుంది.

డబ్బు ఎక్కడ పడాలి

ధర మొత్తం చెక్కు మీదో బ్యాంకు ద్వారానో తల్లి ఖాతాలోనే పడాలి. ఆ ఖాతాకు నామినీ ఉండాలి. మందులు, మనిషి జీతం, ఆసుపత్రి ఖర్చు అందులోంచే పోవాలి. ఆమె తర్వాత మిగిలింది పిల్లలు పంచుకోవచ్చు. 'మా అమ్మ డబ్బు మాకు కాక ఎవరికి' అనే పిల్లలకు ఇందులో నష్టం ఏముంది? కొన్నాళ్లు ఆగడమే కదా.

కొందరు తల్లిదండ్రులు అమ్మకుండా, 'చూసుకునే బిడ్డకు రాసిచ్చేస్తాను' అంటారు. రాయండి, కానీ ఉత్త చేతులతో రాయకండి. గిఫ్టు దస్తావేజులో గానీ సెటిల్‌మెంటులో గానీ రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి. ఒకటి, బతికినంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు నాది. రెండు, నా తిండి, వైద్యం చూసే షరతు మీదే ఇస్తున్నాను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఉంది. షరతు తప్పిన బిడ్డ దగ్గర నుంచి ఆ ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చు. ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవాలి. కాగితంలో షరతు రాసి ఉంటే పని సులువు. నోటిమాట మీద నిరూపించడం కష్టం.

వీలునామాకు అంత ఖర్చు కూడా లేదు. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్టరు చేయిస్తే ఇంకా మంచిది. ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

కొనే చిన్న రైతుకు నాలుగు జాగ్రత్తలు

పక్కింటి పెరడు అమ్మకానికి వస్తే ఎవరికైనా ఆశే. ఐదు సెంట్లు కలిస్తే పశువుల పాక వేసుకోవచ్చు, పిల్లాడికి గది వేయవచ్చు. అప్పు చేసి కొంటారు. కాబట్టి చూసి కొనాలి.

మొదటిది, 30 ఏళ్లకు ఈసీ తీయించండి. పాత దస్తావేజులు వరుసగా అడగండి. గ్రామకంఠంలో ఉన్న ఇళ్లకు చాలాసార్లు దస్తావేజే ఉండదు, ఇంటి పన్ను రశీదు ఒక్కటే ఉంటుంది. రశీదు పన్ను కట్టినట్టు చూపుతుంది, హక్కు ఉన్నట్టు చూపదు. పంచాయతీ రికార్డు, చుట్టుపక్కల హద్దుదారుల మాట కూడా కలిపి చూసుకోవాలి.

రెండోది, అది ప్రభుత్వం ఇచ్చిన నివేశన స్థలం పట్టానా అని అడగండి. నిషేధిత భూముల జాబితా, మనవాళ్లు 22ఏ అంటారే, అందులో ఉంటే రిజిస్ట్రేషన్ కాదు. బయానా ఇచ్చేశాక తెలుసుకుంటే లాభం లేదు.

మూడోది, పన్ను. ఇల్లు అమ్మే వారసుడు విదేశంలో నివాసం ఉంటే, ఇచ్చే సొమ్ములోంచి ఆదాయపు పన్ను కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవాడిది. ఇక్కడ ఉన్నవాడి దగ్గర కొంటే రూ.50 లక్షల లోపు బేరానికి ఈ కోత లేదు. విదేశంలో ఉన్నవాడి దగ్గర కొంటే ఆ మినహాయింపు లేదు. కట్టకపోతే నోటీసు మీకు వస్తుంది, కువైట్‌కు పోదు. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న పల్లెటూరి సాగుభూమికి వేరే లెక్క ఉంది గాని, ఇంటికి మాత్రం ఈ నిబంధన ఉంటుంది. బేరం కుదిరిన రోజే ఒక ఆడిటరును అడగండి.

నాలుగోది, బయానా బ్రోకరు చేతికి ఇవ్వకండి. మంచం మీద ఉన్న మనిషిని ఒకసారి వెళ్లి చూసి రండి. 'పెద్దమ్మా, నీ ఇల్లు నేను కొంటున్నాను, నీకు ఇష్టమేనా' అని అడగండి. ఆయ్ అంటే కొనండి. కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆగండి. ఇందులో చట్టం ఏమీ లేదు, పొరుగువాడి ధర్మం ఉంది.

తోట మాట వేరు

ఇంటితో పాటు వెనక అర ఎకరం కొబ్బరి తోట ఉంటే, దాన్ని ఇంటితో కట్టగట్టి అమ్మేయకండి. 1996 నవంబరు 6 తుపానుకు చెట్లన్నీ నేలకూలాక మళ్లీ మొక్క నాటి, తొలి గెల కోసం ఆరేడేళ్లు ఎదురు చూసిన చేతులవి. అదొక్కటే కాదు. విదేశంలో స్థిరపడినవాడు మన దేశంలో సాగుభూమిని, తోటను వారసత్వంగా పొందవచ్చు గాని, అక్కడ ఉన్నంతకాలం మామూలుగా కొనుక్కోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఇల్లు మళ్లీ కొనుక్కోవచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. తోట మాత్రం ఒకసారి చేయి దాటితే అమెరికా నుంచి మళ్లీ కొనలేరు.

తోట కౌలుకిస్తే దింపు దింపుకూ నాలుగు రూపాయలు వస్తాయి. అది తల్లి మందులకు అవుతుంది. కౌలు రైతుకు కాగితం రాసి సంతకం పెట్టి ఇవ్వండి. 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకంతో 11 నెలల ఒప్పందం ఉంటేనే కౌలు రైతుకు కార్డు వస్తుంది. దానితో యజమాని హక్కుకు ఏ నష్టమూ లేదని ఆ చట్టమే చెబుతోంది. దూరాన ఉన్న యజమాని 'సంతకం పెడితే భూమి పోతుంది' అని భయపడి ఎగ్గొడితే, ఇక్కడ కౌలు రైతు నష్టపరిహారం రాక, అప్పు పుట్టక నలిగిపోతాడు. ఇక అమ్మక తప్పకపోతే ముందు అతన్నే అడగండి. ఆ చెట్లకు నీళ్లు పోసినవాడు అతనే.

ఆసుపత్రి కోసమే అయితే

'వైద్యానికి డబ్బు కావాలి, అందుకే అమ్ముతున్నాం' అనేవారు ముందు మిగతా దారులు చూడాలి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు వైద్యం అందించే కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది. ఆధార్‌తో నమోదు చేయించుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ వైద్య పథకం కింద ఆ జబ్బు వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. అప్పటికీ చాలకపోతే తోటలో పది సెంట్లు అమ్మండి. ఇల్లు ఆఖరున అమ్మాల్సింది.

ఎందుకంటే ఇల్లు తల్లికే కాదు, పిల్లలకూ ఆసరా. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. కట్టుబట్టలతో దిగినవారు నేరుగా ఎక్కడికి వచ్చారు? అమ్మ ఇంటికి. 2020లో కరోనా వచ్చి గల్ఫ్‌లో పనులు పోయినప్పుడు వందే భారత్ విమానాలు దిగినవారు ఎక్కడికి వచ్చారు? ఆ పెంకుటింటికే. అప్పటికే అమ్మేసుకున్నవాడు అద్దె కొంప వెతుక్కున్నాడు.

'ఖాళీ ఇల్లు పాడైపోతుంది కదండీ' అని అడిగేవాళ్లున్నారు. నిజమే. కోనసీమ తేమకు ఏడాది తాళం వేస్తే చెద పడుతుంది, రెండో వానాకాలానికి పెంకులు జారతాయి. తల్లి శాశ్వతంగా కూతురింటికి వెళ్లిపోయి, ఆమే 'ఇక అమ్మేయండి నాయనా' అంటే అమ్మడమే మంచిది. పాడుబడ్డ గోడలను పట్టుకుని వేలాడమని ఎవరూ చెప్పరు. ఆమె చెప్పకుండా, ఆమెకు తెలియకుండా, ఆమె డబ్బు ఆమెకు దక్కకుండా అమ్మడమే తప్పు.

సంక్రాంతికే మాట్లాడుకోండి

పెద్దవాళ్లకు ఒక మాట. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. కాలూ చేయీ ఆడుతున్నప్పుడే దస్తావేజులు ఎక్కడున్నాయో ఒక బిడ్డకు చూపించండి. ఇల్లు ఎవరి పేరున ఉందో, తోట 1బిలో ఎవరి పేరు ఉందో సరిచూసుకోండి. పోయినవారి పేరున ఉంటే వారసుల పేరుకు మార్పించండి. వీలునామా రాసి పెట్టండి. బ్యాంకు ఖాతాకు నామినీ పెట్టండి.

'ఇప్పుడే చావు మాటలెందుకు' అని పిల్లలు అడ్డుపడతారు. ఇవి చావు మాటలు కావు, బతుకు మాటలు. సంక్రాంతికి ఎక్కడెక్కడి పిల్లలో ఊళ్లకు వస్తారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వచ్చాక ఆ సాయంత్రం అందరూ అరుగు మీద కూర్చుంటారు కదా. రాలేనివాళ్లను ఫోన్లో కలపండి. ఆడపిల్లలనూ అల్లుళ్లనూ కూర్చోబెట్టండి. 'నేను మంచాన పడితే ఎక్కడ ఉంటాను, ఎవరు చూస్తారు, డబ్బు ఎక్కడిది, ఇల్లు ఏం చేస్తారు' అని మీరే అడగండి. ఒక గంట మాటలు, ఒక పూట కాగితాల పని. అది అయిపోతే రేపు అర్ధరాత్రి కువైట్‌కు ఫోను వెళ్లినా, అవతల కొడుకు అమ్మ ఎలా ఉందని అడుగుతాడు గాని, ఇంటికి ఎంత వస్తుందని అడగడు.